పెళ్ళి నకలు: గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఒక కాగితం చరిత్ర

అమెరికాలో స్థిరపడ్డ స్నేహితురాళ్ళ మాటల్లో 'మేరేజ్ లైసెన్సు' అన్నది తరచూ వినిపిస్తుంది. అక్కడ పెళ్ళికి ముందే ఇద్దరూ కలిసి ఆఫీసుకి వెళ్ళి అనుమతి పత్రం తీసుకోవాలి. మనకి ఆ మాట వింతగా ఉంటుంది. పెళ్ళికి ముహూర్తం కావాలి, కట్నం కావాలి, పెద్దల మాట కావాలి గానీ లైసెన్సేమిటి? నిజానికి మన చట్టాల్లోనూ ఆ మాట ఉంది. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టంలో ఉంది. అయితే ఆ లైసెన్సు పెళ్ళి చేసుకునేవాళ్ళకి కాదు, పెళ్ళి జరిపించేవాళ్ళకి.

ఈ చిన్న తేడా దగ్గర ఆగి ఆలోచిస్తే మన ప్రాంతపు స్త్రీల చరిత్రలో ఒక పెద్ద విషయం బయటపడుతుంది. సంస్కరణోద్యమ చరిత్రలన్నీ పెళ్ళిని మంత్రం చుట్టూ, పురోహితుడి చుట్టూ, వయసు చుట్టూ చెప్పాయి. పెళ్ళి జరిగిందనడానికి ఆడమనిషి చేతిలో ఏం మిగిలింది అని అడిగినవి తక్కువ. ఆ ప్రశ్న వేసుకుని పత్తి, మిరప పండే ఈ నేలని చూస్తే మనకి అలవాటైన వరస తలకిందులవుతుంది. పెళ్ళి కాగితం ముందుగా చేరింది అగ్రకుల లోగిళ్ళకి కాదు, మాలపల్లెలకీ మాదిగపల్లెలకీ.

జర్మనీలో పుట్టి అమెరికా లూథరన్ల తరఫున వచ్చిన హేయర్ 1842లో గుంటూరు చేరాడు. బాప్టిస్టు మిషనరీ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. అప్పటికే అమల్లో ఉన్న 1872 చట్టం ఆరో భాగం ఇటువంటి 'నేటివ్ క్రిస్టియన్ల' కోసమే రాసింది. లైసెన్సు ఉన్న వ్యక్తి ఎదుట, కనీసం ఇద్దరు సాక్షుల ముందు పెళ్ళి జరగాలి. ఇద్దరిలో ఎవరికీ అప్పటికే జీవించి ఉన్న భర్త గానీ భార్య గానీ ఉండకూడదు. అబ్బాయికి పదహారు, అమ్మాయికి పదమూడు దాటి ఉండాలి. ఆ వివరాలు ఇంగ్లీషులో గానీ జిల్లాలో వాడుకలో ఉన్న దేశభాషలో గానీ రిజిస్టరులో రాయాలి. వాటి ప్రతులు ప్రభుత్వానికి చేరాలి. రుసుము కట్టినవాళ్ళకి రిజిస్టరు వెతికి చూసే హక్కూ, సంతకం చేసిన నకలు పొందే హక్కూ ఉన్నాయి.

అంటే, ఊరి బయట ఉంచిన ఇళ్ళ ఆడపిల్లకి, ఆమె మతం మారాక, 1872 నుంచే కనీస వయసుందీ, ఏకపత్నీ నియమముందీ, వాటికి రాతలో రుజువుందీ. ఊళ్ళోని హిందూ ఆడపిల్లలకి కనీస వయసు వచ్చింది 1930లో. అది కూడా పద్నాలుగేళ్ళు. గుంటూరు సీమ సవర్ణ స్త్రీకి భర్త రెండో పెళ్ళి నేరం అయింది 1949లో, మద్రాసు రాష్ట్రం చేసిన చట్టంతో.

దీన్ని మిషనరీల ఘనతగా చెప్పడం నా ఉద్దేశం కాదు. దళిత క్రైస్తవ స్త్రీల కథనాల మీద పిహెచ్.డి. చేసే రోజుల్లో పల్నాటి వైపు ఒక పాత చర్చిలో ఇటువంటి రిజిస్టర్లు చదివాను. చట్టానికి జతచేసిన నమూనాలో తేదీ, పేర్లు, వయసు, పెళ్ళికానివారా వితంతువులా, వృత్తి, నివాసం, తండ్రి పేరు అని గడులున్నాయి. తల్లి పేరుకి గడి లేదు. నేను చూసిన పేజీల్లో వరుడి వృత్తి దగ్గర 'కూలి' అని ఉంటే, వధువు వృత్తి దగ్గర గీత ఉంది. కలుపు తీసి, కోత కోసి, కుటుంబాన్ని సగం మోసిన మనిషి పని అక్కడ పనిగా ఎక్కలేదు. అయినా ఆ గీత పక్కనే ఆమె వేలిముద్ర ఉంది. నేను ఫలానా రోజున ఇక్కడున్నాను అని ఆ ముద్ర చెబుతోంది. అదే కాలపు సవర్ణ స్త్రీ పెళ్ళికి ఇలాంటి ప్రభుత్వ నమోదు లేదు.

హిందువులకి దారి లేదని కాదు. అదే 1872లో, కేశవచంద్ర సేన్ పక్షం బ్రహ్మసమాజీయుల ఒత్తిడి మీద, రిజిస్ట్రారు పెళ్ళి చట్టం వచ్చింది. కానీ అందులో పెళ్ళాడాలంటే నేను హిందువునీ కాను, ముస్లింనీ కాను, క్రైస్తవుణ్ణీ కాను అని ప్రకటించాలి. 1923 సవరణతో హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు ఆ ప్రకటన లేకుండా తమలో తాము పెళ్ళాడే వీలు కలిగింది. అయితే చేసుకున్నవాళ్ళు ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టే. కాగితం కావాలంటే ఇల్లు వదులుకోవాలన్న షరతు అది.

మన సంస్కర్తలు ఆ కాగితం కంటే తంతు మీదే దృష్టి పెట్టారు. ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు గుంటూరులో వితంతువుల కోసం పనిచేశారు, 1922లో శారదా నికేతనం స్థాపించారు. తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి 'వివాహవిధి' రాసి, బ్రాహ్మణ పురోహితుడూ సంస్కృత మంత్రమూ లేకుండా తెలుగులో పెళ్ళి జరిపించే పద్ధతి తెచ్చారు. ఏం ప్రమాణం చేస్తున్నామో ఆడపిల్లకి తెలియాలనడం చిన్న విషయం కాదు. కానీ కోర్టు ఆ తెలుగు మాటని గుర్తిస్తుందా? 1953లో మద్రాసు హైకోర్టు ఆత్మగౌరవ వివాహం చెల్లదంది. తమిళనాడు 1967లో హిందూ వివాహ చట్టాన్ని సవరించి అటువంటి పెళ్ళిళ్ళకి గుర్తింపు తెచ్చుకుంది. ఆంధ్రలో అటువంటి సవరణ రాలేదు. దండలు మార్చుకున్న మన ఉద్యమకారిణులకి చట్టం ముందున్న గట్టి ఆధారం మంత్రమూ కాదు, దండా కాదు, రిజిస్టరే.

నమోదు తప్పనిసరి చేయాలన్న మాట కొత్తది కాదు. రామేశ్వరీ నెహ్రూ సభ్యురాలిగా ఉన్న సమ్మతి వయసు కమిటీ 1929లోనే సిఫారసు చేసింది. శారదా చట్టం వచ్చింది గానీ ఆ సిఫారసు పక్కన పడింది. పుట్టిన తేదీకీ పెళ్ళి తేదీకీ కాగితం లేని చోట బాల్యవివాహాన్ని రుజువు చేసేదెలా? 1955 హిందూ వివాహ చట్టం ఎనిమిదో సెక్షన్ నమోదుకి వీలిచ్చింది, నమోదు కాకపోయినా పెళ్ళి చెల్లుతుందంది. 1974లో స్త్రీల స్థితిగతుల కమిటీ మళ్ళీ అడిగింది. 1993లో సీడా ఒప్పందాన్ని ఆమోదిస్తూ భారత ప్రభుత్వం, ఇన్ని ఆచారాలు, మతాలు, అక్షరాస్యతా స్థాయిలు ఉన్న దేశంలో తప్పనిసరి నమోదు ఆచరణసాధ్యం కాదని ప్రకటన జోడించింది. ఒంగోలు మాదిగపల్లెల్లో నూట ఇరవై ఏళ్ళనాడే పెట్టిన నిబంధన దేశానికి అసాధ్యమైపోయింది!

ఈ అసాధ్యం వల్ల లాభపడిందెవరు? 1965లో భావురావు లోఖండే కేసులో సుప్రీంకోర్టు, రెండో పెళ్ళి నేరం కావాలంటే ఆ పెళ్ళి తంతు సక్రమంగా జరిగినట్టు రుజువు కావాలంది. గుళ్ళో గుట్టుగా జరిగిన పెళ్ళికి సప్తపది సాక్ష్యం మొదటి భార్య ఎక్కణ్ణించి తేవాలి? అదే తర్కంతో రెండో ఆమె భార్యే కాకుండా పోతుంది. కాగితం లేకపోవడం ఇద్దరు స్త్రీలనీ ముంచి, ఒక మగవాణ్ణి ఒడ్డున పడేసింది. ఆంధ్రప్రదేశ్ 2002లో తప్పనిసరి నమోదు చట్టం చేసింది. సీమ కేసులో 2006 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనీ అదే చేయమంది.

చట్టం వచ్చినా పొలం గట్టు దాకా రాలేదు. 1987-88లో తెల్లదోమ ఉధృతికి పత్తి దెబ్బతిని గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతుల ఆత్మహత్యలు మొదలయ్యాయి. 2004లో జీవో 421 కింద ప్రభుత్వం లక్షన్నర పరిహారం ప్రకటించింది. పరిహారం అనగానే విచారణ, విచారణ అనగానే కాగితాలు. అప్పు కాగితం, కౌలు కాగితం, వాటి వెనకాలే ఆమె ఎవరన్న కాగితం. మిరప కల్లాల్లో కూలికి పోయే ఒకామె నాతో అన్న మాట ఇది: "పెళ్ళికి ఊరంతా వచ్చారమ్మా. ఇప్పుడు అడిగితే ఒక్కరూ సంతకం పెట్టరు." ఆమె మొదటి భార్య కాదని అత్తవారి వాదన. శుభలేఖ లేదు, ఫోటో లేదు. రేషన్ కార్డులో భార్య అని ఉన్న ఒక్క మాట ఆమెకి దిక్కయింది. హిందూ వివాహ నమోదు దరఖాస్తు మీద ఇద్దరి సంతకాలూ కావాలి. భర్త పోయాక ఆ దారీ మూసుకుపోతుంది.

అలాగని రిజిస్టరు ఎప్పుడూ మన పక్షమే అనుకోకూడదు. 1954 ప్రత్యేక వివాహ చట్టం మతం, కులం దాటిన ప్రేమకి చోటిచ్చింది. దానితోపాటే ముప్ఫై రోజుల నోటీసు పెట్టింది. ఆఫీసు గోడ మీద ఆ నోటీసు కులం మీరిన పిల్లని వెతికేవాళ్ళకి చిరునామా అవుతుంది. 2021లో అలహాబాదు హైకోర్టు నోటీసు ప్రచురణ జంట ఇష్టమంది. అది ఆ రాష్ట్రపు తీర్పు. ఇక సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే చాలదనీ, తంతు జరగని హిందూ వివాహం నమోదైనా వివాహం కాదనీ 2024లో సుప్రీంకోర్టు గుర్తుచేసింది.

ఈ రెండు వైపుల్నీ కలిపి చూస్తే మనం అడగవలసింది స్పష్టమవుతుంది. పెళ్ళికి ముందు స్త్రీ వివరాలు ఊరికి కాక ఆమెకే చెందాలి. పెళ్ళయ్యాక రుజువు ఆమెకి అందుబాటులో ఉండాలి. ఇప్పటి చట్టం దీన్ని ఎక్కువగా తలకిందులుగా నడుపుతోంది. అయినా ఒక హక్కు చట్టంలో ఉంది, వాడుకలో లేదు. హిందూ వివాహ చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారమూ, ప్రత్యేక వివాహ చట్టం నలభై ఏడో సెక్షన్ ప్రకారమూ వివాహ రిజిస్టరు చూడవచ్చు, రుసుము కట్టి ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు. భర్త అనుమతి అక్కర్లేదు.

మన మహిళా సంఘాలు, కాలేజీల్లో స్త్రీ అధ్యయన కేంద్రాలు ఈ చిన్న పని చేపట్టవచ్చు. పెళ్ళి అయిన ప్రతి అమ్మాయి దగ్గరా రిజిస్టరు నంబరు, తేదీ, ఆఫీసు పేరు రాసి ఉండాలి. నకలు ఒకటి అత్తగారింటి బీరువాలో కాకుండా ఆమె పుట్టింట్లోనో స్నేహితురాలి దగ్గరో ఉండాలి. చెదలు పడుతున్న పాత చర్చి రిజిస్టర్లని స్త్రీల చరిత్రకి ఆధారాలుగా భద్రపరచాలి. వాటిలో పేరు పక్కన వేలిముద్ర వేసినవాళ్ళు మన చరిత్రలో మొదటి తరం సాక్షులు.