‘సెల్మా’ చిత్రంపై విమర్శలు: ఆధారాలు ఏం చెబుతున్నాయి?

1965లో అమెరికాలోని అలబామా రాష్ట్రం సెల్మా పట్టణంలో నల్లజాతి ప్రజలు ఓటు హక్కు కోసం చేసిన పోరాటాన్ని దర్శకురాలు ఆవా డువర్నే ‘సెల్మా’ పేరుతో తెరకెక్కించారు. 2014 డిసెంబరు 25న కొన్ని థియేటర్లలో విడుదలైన ఈ చిత్రాన్ని సినీ విమర్శకులు దాదాపు ఏకగ్రీవంగా మెచ్చుకున్నారు. అయితే ఆ రోజుల్లోనే మరో వైపు నుంచి అభ్యంతరాలు వచ్చాయి. అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌ను ఉద్యమానికి అడ్డుపడిన వ్యక్తిగా చూపించారని ఆయన సహాయకుడిగా పనిచేసిన జోసెఫ్ కాలిఫానో ‘వాషింగ్టన్ పోస్ట్’లో రాశారు. అసలు సెల్మాలో ఉద్యమం చేయాలన్న ఆలోచనే జాన్సన్‌దని కూడా వాదించారు. జాన్సన్ గ్రంథాలయ అప్పటి సంచాలకుడు మార్క్ అప్‌డెగ్రోవ్ సైతం ఆ చిత్రణను తప్పుపట్టారు.

ఈ వివాదంలో వేర్వేరు ప్రశ్నలు కలగలిసిపోయాయి. ఒకదానికి దొరికిన జవాబును మరోదానికి అంటగట్టడం వల్లే చర్చ దారి తప్పిందని నా అభిప్రాయం. కాబట్టి ఒక్కో ప్రశ్ననూ విడిగా చూద్దాం.

సెల్మా ఎవరి ఆలోచన?

కాలిఫానో వాదానికి ముఖ్య ఆధారం 1965 జనవరి 15న జాన్సన్, ఉద్యమ నేత మార్టిన్ లూథర్ కింగ్‌ల మధ్య సాగిన ఫోన్ సంభాషణ. దాని రికార్డింగ్ భద్రంగా ఉంది. ఓటు నమోదులో జరుగుతున్న అన్యాయానికి దక్షిణాదిలో అతి దారుణమైన ఉదాహరణను వెతికి జనంలోకి తీసుకెళ్లమని జాన్సన్ అందులో కింగ్‌ను ప్రోత్సహించారు. సెల్మా పేరు మాత్రం ఎత్తలేదు.

తేదీలు కూడా ఆ వాదానికి అనుకూలంగా లేవు. కింగ్ జనవరి 2నే సెల్మాలోని బ్రౌన్ చాపెల్‌లో సభ పెట్టి ఉద్యమం మొదలుపెట్టారు. అంతకు ముందే, 1963 నుంచి, విద్యార్థి సంఘం ఎస్.ఎన్.సి.సి. తరఫున బెర్నార్డ్ లఫాయెట్ అక్కడ పనిచేశారు. అమీలియా బాయింటన్ వంటి స్థానికుల కృషి ఇంకా పాతది. 1963 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయాక డయాన్ నాష్, జేమ్స్ బెవెల్ రాష్ట్రవ్యాప్త ఓటు హక్కు ఉద్యమానికి ప్రణాళిక రాశారు. సెల్మా జాన్సన్ ఆలోచన అన్న మాట ఈ ఆధారాల ముందు నిలవదు.

జాన్సన్‌కు అన్యాయం జరిగిందా?

ఈ ప్రశ్నకు జవాబు అంత సులభం కాదు. కొంతమేరకు జరిగిందనే చెప్పాలి. ఓటు హక్కు చట్టానికి మార్గాలు చూడమని 1964 చివర్లోనే ఆయన న్యాయశాఖను పురమాయించారు. ఆయనకూ కింగ్‌కూ తేడా వచ్చింది ప్రధానంగా బిల్లు ఎప్పుడు తేవాలన్న దగ్గరే. ఈ తేడాను చిత్రం శత్రుత్వం అనిపించేంతగా పెంచింది.

ఎఫ్.బి.ఐ. సన్నివేశం మరీ అభ్యంతరకరం. కింగ్‌పై విసిగిన జాన్సన్ ఎఫ్.బి.ఐ. అధిపతి ఎడ్గర్ హూవర్‌ను పిలిపించమంటారు, ఆ తర్వాత కింగ్ భార్య కొరెట్టా చేతికి, కింగ్‌పై రహస్యంగా రికార్డు చేసిన టేపు చేరుతుంది. దీన్ని చూసిన ప్రేక్షకుడు ఆ రెంటినీ ముడిపెట్టకుండా ఉండలేడు. కానీ కింగ్ ఫోన్లపై నిఘాకు 1963 అక్టోబరులో అనుమతి ఇచ్చింది అప్పటి అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీ. ఆ టేపును ఎఫ్.బి.ఐ. పోస్టులో పంపింది 1964 నవంబరులో, అంటే సెల్మా ఉద్యమానికి ముందే.

తక్కువగా చర్చకు వచ్చిన మార్పు

1965 మార్చి 7న సెల్మాలోని ఎడ్మండ్ పెట్టస్ వంతెన దగ్గర పోలీసులు ప్రదర్శకులను చితకబాదారు. మార్చి 9న కింగ్ మళ్లీ వంతెన దాకా జనాన్ని నడిపించి వెనక్కి తిప్పారు. చిత్రంలో ఆయన మోకరిల్లి, ప్రార్థించి, లేచి వెనుదిరుగుతారు. చరిత్రలో దాని వెనుక ఫెడరల్ కోర్టు నిషేధ ఉత్తర్వు ఉంది. అధ్యక్షుడి దూత లెరాయ్ కాలిన్స్ కుదిర్చిన లోపాయికారీ అవగాహన కూడా ఉంది. నడిచినవారిలో చాలామందికి అది తెలియదు. తెలిశాక ఎస్.ఎన్.సి.సి. యువకులు మండిపడ్డారు. తెరమీద ఈ బేరసారాలను పక్కకు నెట్టి కింగ్ అంతర్మథనానికి పెద్దపీట వేశారు. అధ్యక్షుడి పరువు గురించి రాసిన పత్రికలు ఉద్యమంలోని ఈ చీలికను అంతగా పట్టించుకోలేదు.

చిత్రం పట్టుకున్న సత్యం

కింగ్ ప్రసంగాల చిత్రీకరణ హక్కులు అప్పటికే మరో సంస్థ చేతిలో ఉన్నాయి. దాంతో డువర్నే ఆ ప్రసంగాలను కొత్త మాటల్లో రాశారు. మాట మారినా భావం నిలిచిందని అనేక సమీక్షలు ప్రశంసించాయి.

నా దృష్టిలో చిత్రానికి అసలైన బలం ఓటరు నమోదు సన్నివేశం. ఓప్రా విన్‌ఫ్రే పోషించిన ఆనీ లీ కూపర్ దరఖాస్తుతో కౌంటర్ ముందు నిలబడుతుంది. రాజ్యాంగ పీఠిక అప్పజెప్పమంటాడు గుమస్తా. ఆమె అప్పజెబుతుంది. అలబామాలో కౌంటీ జడ్జీలు ఎంతమంది? 67 మంది అంటుంది. అయితే వాళ్ల పేర్లు చెప్పమంటాడు. దరఖాస్తు మీద తిరస్కరణ ముద్ర పడుతుంది. సెల్మా ఉన్న డల్లాస్ కౌంటీ జనాభాలో సగానికి పైగా నల్లవారైనా, వారిలో ఓటర్లు 2 శాతం దగ్గరే ఎందుకు ఆగిపోయారో ఈ ఒక్క సన్నివేశం విప్పి చెబుతుంది.

అవార్డుల లెక్క

2015 జనవరి 15న ప్రకటించిన ఆస్కార్ జాబితాలో ఈ చిత్రానికి ఉత్తమ చిత్రం, ఉత్తమ గీతం విభాగాల్లో మాత్రమే నామినేషన్లు దక్కాయి. డువర్నేకూ, కింగ్‌గా నటించిన డేవిడ్ ఓయెలోవోకూ చోటు లేదు. జాన్సన్ వివాదమే దీనికి కారణమని చాలామంది అన్నారు. అయితే పరిశీలన కోసం పంపాల్సిన చిత్రం డీవీడీలు పలు సినీ వృత్తి సంఘాల సభ్యులకు సకాలంలో అందలేదు. ఆ ఏడాది నటన విభాగాల్లో నామినేట్ అయిన 20 మందీ శ్వేతజాతివారే. ఇన్ని కారణాలు కలిసి ఉన్నప్పుడు ఒక్కదాన్నే దోషిగా తేల్చడం సరికాదు.

ముగింపు

ఎఫ్.బి.ఐ. సన్నివేశం విషయంలో విమర్శకులది సరైన మాట. సెల్మా పుట్టుక విషయంలో కాలిఫానోది తప్పు. మొదటి విమర్శను ఒప్పుకున్నంత మాత్రాన కాలిఫానో వాదాన్నీ ఒప్పుకోనక్కర్లేదు. ఓటు హక్కు చట్టంపై 1965 ఆగస్టు 6న సంతకం చేసింది జాన్సనే, ఆ ఘనత ఆయనకు ఇవ్వాల్సిందే. ఆ సంతకం దాకా దేశాన్ని నడిపించింది మాత్రం ఓటు నమోదు కోసం కోర్టు మెట్ల మీద వరుసలో నిలబడినవారు, వంతెన మీద దెబ్బలు తిన్నవారు. ఆ చట్టంలోని కీలక రక్షణను 2013లో అమెరికా సుప్రీంకోర్టు నిర్వీర్యం చేసింది కూడా. ఇలాంటి సమయంలో హక్కులు ఎలా వచ్చాయన్నది పాత ముచ్చట కాదు. అందుకే చారిత్రక చిత్రాన్ని అంచనా వేసేటప్పుడు పాలకుడి రూపం సరిగా వచ్చిందా అని చూసినంత శ్రద్ధగా, ప్రజల శ్రమ సరిగా నమోదైందా అని కూడా చూడాలి.