ఆటగాండ్ర వలస

వానలు మొగము చాటువేసిన యేట మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతముల పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములు గుంటూరు మిరపకోతలకును, హైదరాబాదు కట్టడపు పనులకును తరలిపోవుట మా మెట్టసీమకు క్రొత్త గాదు. ఇండ్లకు తాళములు వేసి, వృద్ధులను ఇరుగుపొరుగులకు అప్పగించి, మూటాముల్లెతో రైలెక్కు జనమును చూచుచు పెరిగినవారము గనుక, ఆఫ్రికాలో జనించి యూరపులో కీర్తి గడించిన ఫుట్‌బాలు క్రీడాకారుల చరిత్రమును చదువునపుడు నా మనస్సు వారు సాధించిన గోలులకంటె వారు విడిచివచ్చిన యూళ్లమీదికే ముందుగా పోవును.

ఈ ప్రయాణము చాల పూర్వమే మొదలైనది. నేటి ఘానాలోని అక్రా నగరమున 1865లో జన్మించి, చదువునకై ఇంగ్లండు చేరి, 1886లో నూరుగజముల పరుగును పది సెకండ్లలో ముగించి, గోల్‌కీపరుగాను ఆడి, 1889లో రాథర్‌హామ్ జట్టున జీతమునకు కుదిరిన ఆర్థర్ వార్టన్, ఫుట్‌బాలును వృత్తిగా స్వీకరించిన తొలి నల్లజాతీయుడని చరిత్రకారులు చెప్పుదురు. అంతటివాడు కడపట బొగ్గుగనిలో పనిచేసి 1930లో దారిద్ర్యమున కన్నుమూసెను. ఆయన సమాధికి పేరు చెక్కిన రాయి 1997లో గాని అమరలేదు.

ఈ పరంపరకు శిఖరప్రాయుడు యుసేబియో. పోర్చుగీసు ఏలుబడిలోని మొజాంబిక్ దేశమున, నేడు మపూటోగా పిలువబడు లోరెన్సో మార్కెస్ నగరమునందు, మఫలాలా యను పేదలవాడలో 1942 జనవరి 25న పుట్టి, మేజోళ్లలో వార్తాపత్రికల కాగితములు కుక్కి చుట్టిన బంతితో ఉత్తకాళ్ల ఆడి పెరిగిన యీ బాలకుడు, 1960 డిసెంబరులో, పదునెనిమిదేండ్ల ప్రాయమున లిస్బన్ చేరెను. అతనికై స్పోర్టింగ్, బెన్ఫికా క్లబ్బులు రెండును పెనగులాడగా, ప్రత్యర్థుల కంటబడకుండ బెన్ఫికావారు అతనిని దక్షిణతీరపు ఊరొకదానిలో కొన్నాళ్లు దాచియుంచిరి. 1962లో యూరపియన్ కప్పు తుదిపోటీయందు రియల్ మాడ్రిడ్‌ను 5–3తో ఓడించినపుడు కడపటి రెండు గోలులును అతనివే. 1965లో యూరపు ఉత్తమ ఆటగానికిచ్చు బాలన్ డోర్ బహుమానమును అతనిదే.

1966లో ఇంగ్లండున జరిగిన ప్రపంచకప్పులో, ఉత్తరకొరియా పోర్చుగల్‌పై మూడు గోలుల ఆధిక్యముతో నిలిచియుండగా, యుసేబియో ఒక్కడే నాలుగు గోలులు కొట్టి ఆటను త్రిప్పివేసి, మొత్తము తొమ్మిది గోలులతో ఆ పోటీలలో అగ్రగణ్యుడయ్యెను. అయితే ఆఫ్రికా, ఆసియా, ఓషియానియాలకు కలిపి ఒకే స్థానము కేటాయించిన ఫిఫా నిర్ణయమును నిరసించి ఆఫ్రికా దేశములు బహిష్కరించుటచే, ఆ యేడు అక్కడ ఆ ఖండపు జట్టు ఒక్కటియు లేదు. ఖండమంతయు వెలుపల నిలిచియుండగా, దాని బిడ్డ పాలకదేశపు చొక్కా తొడిగి లోకమును మెప్పించెను. మా మార్కాపురపు పలక దూరదేశముల బడులకు పోయినపుడు, దానిమీద అక్షరములు దిద్దు పిల్లలకు ఏ గని దానిని కన్నదో తెలియదు. లిస్బన్‌లో యుసేబియోకు జేజేలు పలికినవారిలో మఫలాలాను ఎరిగినవారును అరుదే యని నా తలంపు.

మన నేలలోను ఇట్టి కథ లేకపోలేదు; మన ఆటగాండ్రకు కలకత్తాయే లిస్బన్. సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో నిరుపేద కుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరాం, పోలీసులు పారవేసిన పాతబూట్ల తోలుతో తనకు బూట్లు కుట్టించుకొన్నవాడు. అతని ఆటను గుర్తించి, సాధనకు వచ్చుటకు సైకిలు అద్దె యిచ్చి పిలిపించుకొన్న మహనీయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా జీవితమారంభించి, 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, నగరపోలీసు జట్టును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుమార్లు రోవర్స్ కప్పు విజేతగా నిలిపిన రహీం, కుడికాలి ఆటగాండ్రను ఎడమకాలితోనే ఆడుమని, బంతిని పట్టియుంచక వెంటనే అందింపుమని ప్రత్యేకపు పోటీలు నడిపి, ఖర్చులేని ఉపాయములతో ఒక తరమునే తీర్చిదిద్దెను. అతని శిక్షణలో భారతజట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమునకు చేరగా, అందులో బలరామును ఉండెను.

మరుసటియేట బలరాం కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు తరలిపోయెను. 1960 రోము ఒలింపిక్సులో హంగరీమీదను, పెరూమీదను గోలులు చేసి, 1961లో ఈస్ట్ బెంగాల్ నాయకుడై, 1962లో జకార్తా ఆసియా క్రీడలయందు రహీం జట్టుతో స్వర్ణపతకము గొని, అనారోగ్యముచే 1963లోనే ఆట విడిచెను. పిమ్మట అతడు అమ్ముగూడకు మరలిరాక, హుగ్లీతీరపు ఉత్తరపాడాలోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న బెంగాలునందే మరణించెను.

రహీం కూడ 1963 జూనులో కేన్సరువలన గతించెను. ఆ తరువాత మహమ్మద్ హబీబు వంటి హైదరాబాదు ఆటగాండ్రు కలకత్తా దారి పట్టిరి. ఆ హబీబే 1977లో ఈడెన్ గార్డెన్సున పెలే ఆడిన కాస్మాస్ జట్టుపై కలకత్తా క్లబ్బైన మోహన్ బగాన్ పక్షమున గోలు చేసెను. ఆటగాండ్రను పిలిచిన కలకత్తాను నిందించుట న్యాయము గాదని నా యభిప్రాయము. అక్కడ నిండు మైదానములును, ఆటగానికి బ్రతుకుదెరువును లభించెను. రహీం చూపిన దారిలో చిన్న ఊళ్లలో బడిపిల్లలకు బంతి నేర్పు పంతుళ్లను తయారుచేయని మన ఉపేక్షయే నన్ను బాధించును.

మన నేలనుండి యూరపునకు నిజముగా తరలిన ఆటగత్తెయు ఉన్నది. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియాలోని దినమో జాగ్రెబ్ మహిళాజట్టున చేరెను. స్వదేశమునకు మరలిన పిమ్మట బలరాం నాయకత్వము వహించిన ఈస్ట్ బెంగాల్‌కు ఆమెయు ఆడినది. 2024–25లో జాతీయ మహిళాలీగు గెలిచిన ఆ జట్టులో ఆమె యొకతె.