సగం కంచె సర్కారుదే

మే నెలలో ఓర్వకల్లు చుట్టుపక్కల చేలన్నీ బీడుగా ఉంటాయి. పువ్వంటూ కనబడితే కంచెలోనే. పసుపు తంగేడు, ఊదా జిల్లేడు, తెల్లగా పూసి ఎర్రబడే ఆదొండ, వీటి మధ్య లేత పసుపు కంకులతో సర్కారు కంప. సెలవుల్లో మన పిల్లలు ఫోన్లలో తీసే బొమ్మలు ఎక్కువగా వీటివే.

ఈ కంచె ఎవరు వేశారు? రైతు అంటాం. సగం మాత్రం సర్కారే వేసింది. నాగజెముడు అమెరికా మొక్క. దాని మీద బతికే పురుగు నుంచి ఎర్ర రంగు వస్తుందని కంపెనీ దొరలు 18వ శతాబ్దం చివర మద్రాసులో ఈ జాతి మొక్కల్ని పెంచారు. రంగు వ్యాపారం సాగలేదు, జెముడు మాత్రం పొలాలకు పాకింది. చివరికి 1926లో దాన్ని తినే మరో పురుగును సింహళం నుంచి తెచ్చి వదలాల్సి వచ్చింది.

సర్కారు కంప కథ ఇంకా దగ్గరిది. ధాత కరువు రోజులు. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలతో కడప జిల్లా కమలాపురంలో తోటలు వేశారు. విత్తనం అడిగింది అటవీ అధికారి బెడ్డోమ్, ఆయన వృక్షశాస్త్రవేత్త కూడా. వంటచెరకు దొరికిన మాట నిజమే. కానీ ఈ రోజు బీడంతా ఆక్రమించి తంగేటికి చోటు లేకుండా చేస్తున్నదీ అదే. తంగేడు ఈ నేలదే. దాని చెక్కతోనే తోళ్ళు పదును చేసేవారు.

కెమెరా పుట్టకముందు మొక్కల బొమ్మలు చేత్తో గీసేవారు. 1781లో సామర్లకోటకు వచ్చిన కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ మన చిత్రకారుల చేత వేల బొమ్మలు వేయించాడు. వాటిలో 300 బొమ్మలు 1795 నుంచి 1820 దాకా లండన్‌లో అచ్చయ్యాయి. పుస్తకం మీద ఆయన పేరుంది. గీసినవాళ్ళ పేర్లు లేవు. ఒక్క మాట మాత్రం మిగిలింది. నల్లమలలో పెరిగే సోమిద చెట్టుకు శాస్త్రం పెట్టిన పేరు సోయ్‌మిడా. అది మనవాళ్ళ నోటి నుంచి వెళ్ళిందే.

మన జిల్లా మొక్కల మీద ఆర్.ఆర్. వెంకటరాజు, టి. పుల్లయ్య గార్లు రాసిన 'ఫ్లోరా ఆఫ్ కర్నూల్' 1995లో వచ్చింది. చూడదగ్గ పుస్తకం. కానీ గోర్ బోలీలో, ఎరుకల భాషలో ఆ మొక్కల్ని ఏమంటారో చెప్పాల్సింది మన అవ్వలే. కాబట్టి బొమ్మతోపాటు అవ్వ చెప్పిన పేరు, చెప్పిన అవ్వ పేరు, ఊరు, తేదీ రాసిపెట్టండి. పొద్దున ఎనిమిది లోపే తీయండి, ఆ తర్వాత ఎండకు రంగులు వెలిసిపోతాయి. పువ్వు ఒక్కటే తీస్తే చెట్టు పోల్చుకోలేం. ఆకు వెనకవైపు, ముల్లు, కాయ, మొత్తం చెట్టు కూడా కావాలి. పక్కన రూపాయి బిళ్ళ పెడితే కొలత తెలుస్తుంది.

ఒక్క మొక్క విషయంలో జాగ్రత్త. గుట్టల రాళ్ళ సందుల్లో పెరిగే మారేడు గడ్డల తీగ, అదే నన్నారి వేరు, అంతరించే ప్రమాదంలో ఉంది. దాని బొమ్మ పెట్టండి, గుట్ట పేరు పెట్టకండి. కర్నూలు ఎండల్లో నన్నారి షర్బత్‌కు ఎంత గిరాకీ ఉంటుందో మీకు తెలుసు కదా.