దడి పోయినా అల్లిక పోలేదు

చండ్రుగొండ లాంటి అడవి అంచు ఊళ్లలో ఇంటికి వెదురు దడి, చేనుకు ముళ్లకంప పాత అలవాటు. వానకు, చెదలకు పాడైనచోట మళ్లీ కట్టుకోవలసిందే. ఇనుప జాలీ వచ్చాక ఆ పని తప్పిందంటారు, నేనొప్పుకోను. జాలీ కూడా అల్లికే. 1844లో ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో చార్లెస్ బర్నార్డ్ తీగ వల అల్లే యంత్రం చేసింది బట్ట నేసే మగ్గం నమూనాతోనే. మన జాలీ కంచె ఆ వంశానిదే. తెగిన తీగకు పైనా కిందా మెలికలు విప్పి, తిప్పుతూ పైకి లాగి, అదే దారిలో కొత్త తీగ దింపితే అతుకు కనబడదు.

కొత్తది కొంటే సరిపోదా అనొచ్చు. జాలీ అంతా తుప్పుపడితే నిజమే. కానీ మామూలుగా తుప్పు ముందు తినేసేది తడిమట్టికి తగిలేచోటనే. రాటలు గట్టిగా ఉన్నంతవరకు పాడైన తీగలు మార్చుకుంటే చాలు.