చేవ లేని కర్రకు చేవనిచ్చిన మనవాడు

అటవీశాఖలో పనిచేసి రిటైరైన మిత్రులకు డెహ్రాడూన్ పేరు కొత్త కాదు. శిక్షణకు వెళ్ళివచ్చినవారు కొందరైతే, వారు చెప్పగా విన్నవారు ఎందరో. ఆ ఊరి అంచున, చక్రాతా రోడ్డు పక్కన వన పరిశోధనా సంస్థ ఉన్నది. 1878లో అటవీ పాఠశాల పుట్టిన ఆ ఊళ్ళోనే 1906లో ఈ సంస్థ ఏర్పడింది. సి.జి. బ్లోమ్‌ఫీల్డ్ రూపకల్పన చేసిన ఇప్పటి మహాభవనాన్ని 1929లో వైస్రాయి లార్డ్ ఇర్విన్ ప్రారంభించారు. కలపను పరిశోధించే సంస్థకు ఇటుకల భవనమేమిటని చూసినవారు నవ్వుకోవచ్చు. కాని కర్ర కట్టడాలు పదికాలాలు నిలిచే ఉపాయం దొరికింది అక్కడే.

ఇల్లు కట్టేటప్పుడు మన పెద్దలు దూలాలకు, వాసాలకు టేకు వెతికేవారు. అంత స్తోమత లేనివారు చేవ తేలిన తాటిదూలంతో సరిపెట్టుకునేవారు. చేవ లేని కర్ర అయితే నాలుగు వానాకాలాలకే చెద తినేసేది. క్రియోసోట్ నూనె పట్టిస్తే కర్ర నిలుస్తుంది గాని నల్లబడి వాసన వేస్తుంది, పైన రంగు అంటదు. నీటిలో కరిగే మందులు వానకు కొట్టుకుపోయేవి.

ఈ చిక్కు విప్పినవారు ఆ సంస్థలో పనిచేసిన సొంటి కామేశం గారు. ఇంటిపేరు వింటేనే మనవారని తెలుస్తుంది. 1933లో ఆయన రాగి, ఆర్సెనిక్, క్రోమియం లవణాలు కలిపి ఒక మందు తయారు చేశారు. రాగి బూజును అడ్డుతుంది, ఆర్సెనిక్ చెదను చంపుతుంది, క్రోమియం ఆ రెండింటినీ కర్ర నారలో కరగకుండా పట్టి ఉంచుతుంది. కర్రను ఇనుప సిలిండరులో పెట్టి, గాలి లాగివేసి, మందును ఒత్తిడితో లోపలికి ఎక్కిస్తారు. ఆర్సెనిక్, రాగి రసాయన గుర్తులు కలిపి దానికి ‘ఆస్కు’ అని పేరు పెట్టారు. 1938లో అమెరికాలో పేటెంటు వచ్చింది. దేశదేశాల్లో కరెంటు స్తంభాలు, కంచె గుంజలు, ఇళ్ళ వరండాలు దీనితో నిలిచాయి. నాసిరకం కర్రకూ విలువ వచ్చింది.

అయితే మేలుతోపాటు కీడూ చెప్పాలి. ఆర్సెనిక్ విషం. పిల్లలు తాకే చోట్ల అది ప్రమాదమని, 2003 చివరినుంచి అమెరికాలో ఇళ్ళ కలపకు చాలావరకు ఈ మందు వాడటం మానేశారు. కనుక మిత్రులకు ఒక మనవి. పెరట్లో ఆకుపచ్చ ఛాయ గల పాత స్తంభపు ముక్క ఏదైనా ఉంటే, నీళ్ళ పొయ్యిలో పెట్టవద్దు. ఆ పొగ, బూడిద రెండూ విషమే. ఆ బూడిదతో గిన్నెలు తోమడం గాని, మొక్కలకు వేయడం గాని అసలే కూడదు.

లోపం తరువాత తెలిసినంత మాత్రాన చేసిన పని చిన్నదైపోదు. తక్కువ కర్రతో ఎక్కువ కాలం గడిస్తే ఆ మేరకు అడవి మిగులుతుంది. మనం ఉద్యోగంలో కాపాడిందీ ఆ అడవినే కదా! కామేశం గారి పేరు మనవలకు ఒక్కసారి చెప్పండి.