భీముని కొలను మెట్లు

శ్రీశైలమునకు నేడు బస్సులలో పోవువారే అధికులు. ఘాటు రోడ్డుమీద కొన్ని గంటలలో మల్లికార్జునుని సన్నిధి చేరవచ్చును. ఆ రోడ్డు లేని శతాబ్దములలో మన పెద్దలు ఏ దారిని నడచిరో చూడవలెనను కోరికతో మేము ఒక శివరాత్రికి కాలినడకను బయలుదేరితిమి.

నంద్యాల జిల్లా ఆత్మకూరునకు సమీపమున వెంకటాపురమను గ్రామము కలదు. అచ్చటినుండి కాలిబాట నల్లమలలో ప్రవేశించును. ఇది పులులకు అభయమిచ్చిన అడవి. కావున అటవీశాఖవారు అనుమతించిన దినములలోనే నడువవలెను. నాగలూటి వీరభద్రస్వామిని దర్శించి, పెద్దచెరువు దాటిన పిదప మద్దిచెట్లును వెదురుపొదలును దట్టమయ్యెను. మాఘమాసపు చివరి దినములగుటచే మోదుగులు ఎఱ్ఱగా పూచియుండెను.

నడచుచుండగా ఒకచోట నేల అంతమైనట్లు తోచినది. కాళ్ళముందు లోతైన లోయ. ఇరువైపుల నిలువుగా రాతిచరియలు. అదియే భీముని కొలను. మెట్లు దిగి, అడుగున నీటిచెంత సేదదీరి, ఆవలి చరియను ఎక్కవలెను. ఎక్కిన పిమ్మట కైలాసద్వారము; దానికి ఆవల హాటకేశ్వరము, శ్రీశైలము.

ఈ మెట్లు రెడ్డిరాజులు కట్టించినవని ఇచ్చటి ప్రతీతి. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత తెలుగుదేశము కల్లోలమున మునిగినది. ఆ దినములలో అద్దంకి రాజధానిగా తలయెత్తినవాడు ప్రోలయ వేమారెడ్డి. ఎఱ్ఱాప్రెగడ హరివంశమును అంకితముగొన్న రాజితడే. ఇతడు శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెనని ఆ వంశపు శాసనములు కొనియాడుచున్నవి.

రాజ్యమింకను కుదుటపడని వేళ, కోటలకు వలసిన రాయిని, కూలిని కొండదారులకేల వెచ్చించెను? భక్తియే కారణమనవచ్చును. మాకు మరియొకటియు తోచినది. యాత్రికుడు ఇల్లు విడిచి, అడవి దాటి, క్షేమముగా మరల ఇల్లు చేరినచో, దేశమున ఏలికయున్నాడని ఊరూర చెప్పుకొందురు. కోటగోడ శత్రువునకు భయము కలిగించును. మెట్టు ప్రజకు ధైర్యము కలిగించును.

మెట్లకు మునుపే బాట యుండవలెను గదా! ఈ అడవి చెంచుల నివాసము. మల్లన్న తమ ఇంటి అల్లుడని, చెంచు మల్లయ్య యని వారి నమ్మకము. వారి అడుగుజాడలనుబట్టియే తొలి యాత్రికులు ఈ లోయను దాటియుందురని మా ఊహ.

ఎక్కుడు సగమైనచోట ఒక వృద్ధుడు మోకాలిపై చేయి మోపి నిలుచుండెను. ఈ మెట్లు ఎవరు కట్టించిరో తెలియునా యని అడిగితిమి. ఆయన నవ్వి, "ఎవురైతే ఏమి నాయనా? మన కాళ్ళ నొప్పి తెలిసినోడు కట్టిచ్చినాడు" అనెను. శాసనములో ఉన్న మాటయే ఆయన తన పలుకులో చెప్పినట్లు మాకు తోచినది.

కొండవీటి రెడ్డిరాజ్యము 1424లో అంతరించినది. నూరేండ్లు నిలిచిన రాజ్యము పోయినను, మెట్లు నేటికిని పాదములను మోయుచున్నవి. కొన్ని కదలినవి, కొన్నిటిపై మనము పారవేసిన ప్లాస్టిక్ సంచులు పడియున్నవి. క్రొత్త మెట్లు కట్టించు శక్తి మనలో అందరికి ఉండదు. ఉన్నవానిని శుభ్రముగా విడిచి వచ్చుట మాత్రము, అచ్చట నడచు ప్రతివానికిని సాధ్యమే.