అతుకుకు పరువు తెచ్చిన ఓడలు

పగిలిన ఇంజిన్ భాగానికి వెల్డింగ్ పెట్టిస్తే అది గండం గడవడానికే గానీ నాలుగు కాలాలు నిలవదని చాలామంది అంటారు. వెల్డింగ్ చరిత్ర ఈ మాటను ఒప్పుకోదు. ఈ విద్యకు తొలి గౌరవం చాలావరకు మరమ్మతు పనిలోనే దక్కింది. కార్బన్ ఆర్క్‌తో లోహాన్ని కరిగించి అతికే పద్ధతికి బెనార్డోస్, ఓల్షెవ్‌స్కీ 1885లో పేటెంట్ తీసుకున్నారు. స్వీడన్‌లో ఆస్కార్ షెల్‌బర్గ్ ఓడల బాయిలర్ల మరమ్మతు చేస్తూనే పూత పూసిన వెల్డింగ్ రాడ్‌ను రూపొందించి, 1904లో ఈసాబ్ సంస్థను స్థాపించాడు. ఇవాళ మన ఆటోనగర్లలో లారీ ఛాసిస్‌కు వాడే రాడ్ ఆ వంశానిదే.

అసలు పరీక్ష 1917లో ఎదురైంది. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగే వేళకు ఆ దేశపు రేవుల్లో చిక్కుకుపోయిన జర్మన్ ఓడల సిబ్బంది, అవి శత్రువుకు పనికిరాకూడదని చాలా ఓడల ఇంజిన్లను పగలగొట్టారు. పోత ఇనుముతో చేసిన భారీ ఆవిరి సిలిండర్లు ముక్కలయ్యాయి. కొత్తవి పోతపోసి బిగించాలంటే నెలల తరబడి పని. అమెరికా నౌకాదళం ఎలక్ట్రిక్ వెల్డింగ్‌కు మొగ్గింది. పోత ఇనుములో ఉక్కు స్టడ్లు బిగించి, వాటిని ఆసరా చేసుకుని లోహం నింపారు. ఆ ఏడాది తిరగకముందే అలా బాగైన ఓడలు సైనికులతో అట్లాంటిక్ దాటాయి.

ఈ విజయం విలువ తెలియాలంటే పోత ఇనుము మొండితనం తెలియాలి. అందులో కార్బన్ సుమారు 2 నుంచి 4 శాతం ఉంటుంది. కరిగి గబుక్కున చల్లారితే అతుకు పక్కనున్న లోహం గాజులా పెళుసెక్కుతుంది. అందుకే నిపుణుడు ముందు పగులు రెండు కొసల దగ్గర డ్రిల్‌తో చిన్న రంధ్రాలు పెట్టి అది పాకకుండా ఆపుతాడు. తర్వాత పగులు వెంట వి ఆకారంలో గాడి తీసి, భాగాన్ని వేడిచేసి, నికెల్ రాడ్‌తో కొంచెం కొంచెంగా నింపుతాడు. చివరకు బూడిదలోనో ఇసుకలోనో కప్పి నిదానంగా చల్లారనిస్తాడు. ఇది అప్పటికప్పుడు మాసిక వేసే పని కాదు, లోహం స్వభావం ఎరిగి చేసే పని.

వెల్డింగ్‌పై ఈ నమ్మకానికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో, నిలిచి ఉన్న నీళ్లలోనే, షెనెక్టడీ అనే కొత్త వెల్డెడ్ ట్యాంకర్ దాదాపు రెండుగా చీలిపోయింది. ఆ యుద్ధకాలంలో వెల్డింగ్‌తో కట్టిన లిబర్టీ సరుకు ఓడల్లోనూ పగుళ్లు వచ్చాయి. రివెట్ల ఓడలో పగులు రేకు అంచు దగ్గర ఆగే అవకాశం ఉంది. అతుకు ఏకం చేసిన ఒంటిలో అది ఆగదు. నాసిరకం వెల్డింగ్ వాటా అందులో లేకపోలేదు. అయితే కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టన్స్ టిప్పర్ పరిశోధనలు మరో ముఖ్య కారణాన్ని బయటపెట్టాయి: చలికి పెళుసెక్కే ఉక్కు. దానికి తోడు డెక్ మీది హ్యాచ్‌ల చదరపు మూలల్లో ఒత్తిడి పోగుపడేది. మూలలు గుండ్రం చేసి, పగులును ఆపే ఏర్పాట్లు చేశాక పరిస్థితి మెరుగుపడింది. కాబట్టి ఆ ప్రమాదం వెల్డింగ్‌ను కొట్టిపారేయలేదు. పగులు ఎందుకు వచ్చిందో తేల్చకుండా అతకవద్దని నేర్పింది. కారణం తేలని చోట, తెగితే ప్రాణం పోయే స్టీరింగ్ భాగాల వంటి చోట, కొత్తది వేయించమనడం కూడా మంచి వెల్డర్ పనితనంలో భాగమే.